ఫైల్ దొరికింది, పేరు దొరకలేదు

ముందే ఒప్పేసుకుంటాను. ఈ కథలో విలన్ వైరస్ కాదు, పాత హార్డ్ డిస్క్ కాదు. నేనే.

మొన్న సంక్రాంతి సెలవులకి తెనాలిలో మా ఇంటికి వెళ్ళినప్పుడు ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకుందామని కూర్చున్నాను. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ కోసం క్లాసులో అందరూ వేసుకుంటున్నారు, నేనెందుకు ఆగాలి అని. ఏ డిస్క్ మీద వేయమంటావని ఇన్‌స్టాలర్ అడిగింది. రెండు పేర్లు చూపించింది. రెంటికీ చివర ఒక్క అక్షరమే తేడా. నేను సరిగ్గా చదవకుండా రెండోది నొక్కాను. అది నా ల్యాప్‌టాప్ డిస్క్ కాదు. బ్యాకప్ తీద్దామని తగిలించి మర్చిపోయిన నాన్న హార్డ్ డిస్క్.

అందులో నాన్న పాటలున్నాయి. "పదహారు వందల పాటలు" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు. 2003 నుంచి పోగు చేసినవి. ఎంపీ3 సీడీల్లోంచి, నెట్ సెంటర్ల నుంచి, స్నేహితుల పెన్‌డ్రైవ్‌ల నుంచి ఒక్కొక్కటే తెచ్చుకున్నవి. వాటితోపాటు మా తాతయ్య రేడియో నుంచి రికార్డ్ చేసుకున్న కేసెట్లు కూడా. వాటిని నాన్నే కూర్చుని కంప్యూటర్‌లోకి ఎక్కించారు. 2012లో ఇల్లు మారినప్పుడు ఆ కేసెట్లు బూజు పట్టాయని పారేశారు. కంప్యూటర్‌లో ఉన్నాయిగా అనే ధైర్యం.

నాన్న నన్ను తిట్టలేదు. "సరేలేమ్మా, పాటలేగా" అని బయటికి వెళ్ళి గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డారు. తిట్టినా బావుండేది అనిపించింది.

ఆ పాటల్ని ఎలా వెనక్కి తెచ్చుకున్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. సగం టెక్నికల్, సగం సంగీతం. నేను చదివింది మొత్తం ఇంగ్లీష్ మీడియం, కాబట్టి తెలుగులో తప్పులుంటే సర్దుకుపోండి.

ఫార్మాట్ చేస్తే పాట ఎక్కడికి పోతుంది?

ఎక్కడికీ పోదు. చాలామందికి తెలియని సంగతి ఇదే.

మన హాస్టల్ ఆఫీసులో ఒక రిజిస్టర్ ఉంటుంది. ఏ గదిలో ఎవరున్నారో అందులో రాసి ఉంటుంది. ఎవరో ఆ రిజిస్టర్ చింపేశారనుకోండి, మనం గదుల్లోంచి మాయమైపోం కదా. గదుల్లోనే ఉంటాం, ఎవరెక్కడున్నారో ఆఫీసుకి తెలియదంతే. మామూలు ఫార్మాట్ చేసే పని అదే. ఫైళ్ళ జాబితాని చెరిపేస్తుంది. ఫైల్‌లో ఉన్న బైట్లు డిస్క్ మీద అలాగే పడి ఉంటాయి.

అసలు ప్రమాదం ఆ తర్వాత మొదలవుతుంది. రిజిస్టర్ ఖాళీగా ఉంది కాబట్టి గదులన్నీ ఖాళీ అనుకుని కొత్తవాళ్ళని పంపేస్తారు. ఆ గదిలో పాతవాళ్ళ సామాను అప్పుడు పోతుంది. నా విషయంలో ఆ డిస్క్ మీద లినక్స్ మొత్తం ఎక్కేసింది. అది కూర్చున్న చోట ఉన్న పాటలు పోయినట్టే. మిగతా చోట్ల ఉన్నవి బతికే ఉన్నాయి.

అందుకే మీకెప్పుడైనా ఇలా జరిగితే మొదటి సూత్రం: ఆ డిస్క్‌ని వెంటనే పీకేసి, దాని మీద ఇంకేమీ రాయకండి. రికవరీ సాఫ్ట్‌వేర్ కూడా వేరే డిస్క్ మీదే పెట్టుకోవాలి. దొరికిన ఫైళ్ళు కూడా వేరే చోటే సేవ్ చేయాలి. ఇంకో మాట. ఇది తిరిగే హార్డ్ డిస్క్‌లకి, చాలావరకు పెన్‌డ్రైవ్‌లకి పనిచేస్తుంది. ఎస్‌ఎస్‌డీలైతే ట్రిమ్ అనే పద్ధతిలో, చెరిపేసిన చోటుని తామే శుభ్రం చేసేసుకుంటాయి. అక్కడ ఆశ తక్కువ.

నేను వాడింది ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. పేరులో ఫోటో అని ఉన్నా పాటల్నీ వెతుకుతుంది. అది రిజిస్టర్‌ని అసలు పట్టించుకోదు. డిస్క్ మొదటి నుంచి చివరిదాకా నడుచుకుంటూ వెళ్ళి, ఏ ఫైల్ ఎలా మొదలవుతుందో దానికి తెలిసిన గుర్తుల కోసం చూస్తుంది. ఎంపీ3 ఫైల్ అంటే చిన్న చిన్న ఫ్రేముల దండ. మామూలు పాటలో ఒక్కో ఫ్రేమ్ సుమారు 26 మిల్లీసెకన్ల శబ్దం. ప్రతి ఫ్రేమ్ మొదట్లో వరసగా 11 ఒకట్లు ఉంటాయి. ఆ గుర్తు పట్టుకుని దండని బయటికి లాగుతుంది.

రాత్రి మొదలుపెట్టి పడుకున్నాను. పొద్దున లేచేసరికి 1,312 పాటలు. నేను ఎగిరి గంతేసి నాన్నని పిలిచాను. ఆయన వచ్చి స్క్రీన్ చూసి, "ఇందులో ఏది ఏదమ్మా?" అన్నారు.

అప్పుడు చూశాను. ఒక్కదానికీ పేరు లేదు. అన్నీ ఎఫ్ అక్షరం, దాని వెనక పెద్ద అంకె. ఫైల్ పేరు ఫైల్‌లో ఉండదు, రిజిస్టర్‌లో ఉంటుంది. రిజిస్టర్ చింపింది నేనే కదా.

ముప్ఫై బైట్లలో ఘంటసాల

అదృష్టం ఏంటంటే ఎంపీ3 ఫైల్ లోపల కూడా పేరు రాసుకునే చోటు ఒకటి ఉంటుంది. దాన్ని ఐడీ3 ట్యాగ్ అంటారు. 1996లో వచ్చిన మొదటి రకం చాలా చిన్నది. ఫైల్ చివర సరిగ్గా 128 బైట్లు. పాట పేరుకి 30, గాయకుడికి 30, ఆల్బమ్‌కి 30, సంవత్సరానికి 4, ఇంకో మాటేదైనా రాసుకోవడానికి 30, ఏ తరహా సంగీతమో చెప్పే అంకెకి 1. మొదట్లో ట్యాగ్ అని రాసిన మూడక్షరాలతో కలిపి 128.

ఇక్కడ మన భాషకో ఇబ్బంది. యూటీఎఫ్-8లో ఇంగ్లీష్ అక్షరానికి 1 బైట్ చాలు. తెలుగులో హల్లుకి 3, గుణింతం గుర్తుకి 3, సున్నాకి 3. ఘంటసాల అని రాస్తేనే 18 బైట్లు అయిపోతాయి. పూర్తిపేరు ఘంటసాల వెంకటేశ్వరరావు అని రాయబోతే, ఆ 30 బైట్లలో "ఘంటసాల వెం" దాకా వచ్చి ఆగిపోతుంది. మన పాటల పేర్లన్నీ ఇంగ్లీష్ అక్షరాల్లో, ఒక్కోసారి ఒక్కో స్పెల్లింగ్‌తో ఉండటానికి ఇదీ ఒక కారణమే అని నాకు అనిపిస్తుంది.

తర్వాత వచ్చిన రెండో రకం ట్యాగ్‌లో ఈ ఇబ్బంది లేదు. ఎంత పొడుగైనా రాసుకోవచ్చు. అందులో స్వరకర్తకి వేరే గడి, రచయితకి వేరే గడి ఉన్నాయి. నేను 1,312 ఫైళ్ళ ట్యాగ్‌లనీ ఒక చిన్న పైథాన్ ప్రోగ్రామ్‌తో చదివి స్ప్రెడ్‌షీట్‌లో పెట్టాను. 820 పాటలకి పనికొచ్చే పేర్లున్నాయి. మిగతా 492కి ఏమీ లేదు, లేదా గాయకుడి గడిలో పాట దింపిన వెబ్‌సైట్ పేరు ఉంది.

ఆ స్ప్రెడ్‌షీట్‌లో నన్ను కాసేపు ఆపిన సంగతి ఇంకొకటి. స్వరకర్త గడి, రచయిత గడి దాదాపు మొత్తం ఖాళీ. వెయ్యికి పైగా పాటలు, ఇరవయ్యేళ్ళ సేకరణ, ఎవరు రాశారో ఎవరు బాణీ కట్టారో ఎక్కడా లేదు. పేరు పోవడం నేను ఆ రోజు చేసిన తప్పుతో మొదలవలేదు. అంతకుముందే సగం పోయింది.

1902లో ఒక ట్యాగ్

దీని గురించి చదువుతుంటే ఒక విషయం దొరికింది. మన దేశంలో గ్రామఫోన్ రికార్డింగులు 1902లో కలకత్తాలో మొదలయ్యాయి. ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే రికార్డింగ్ నిపుణుడు వచ్చి గౌహర్ జాన్ పాటలు రికార్డ్ చేశాడు. ఆ పాత రికార్డులు ఇప్పటికీ వినొచ్చు. పాట పూర్తవగానే ఆవిడ ఇంగ్లీష్‌లో తన పేరు గట్టిగా చెబుతారు. నేను ఫలానా అని.

ఎందుకంటే అప్పుడు ఇక్కడ రికార్డులు అచ్చువేసే ఫ్యాక్టరీ లేదు. రికార్డ్ చేసిన పలకలు ఓడెక్కి జర్మనీలోని హానోవర్ వెళ్ళాలి. అక్కడ పనిచేసేవాళ్ళకి మన భాష రాదు, మన గాయకులు తెలియదు. పాటలోనే పేరు ఉంటే లేబుల్ మీద తప్పు పడదు. కంప్యూటర్ పుట్టకముందే ఆవిడ తన ఫైల్‌కి తనే ట్యాగ్ పెట్టుకున్నారు.

పేరు పెట్టుకోనివాళ్ళకి ఏమైందో కూడా చూశాను. 1949లో వచ్చిన హిందీ సినిమా మహల్‌లో లతా మంగేష్కర్ పాడిన పాట దేశమంతా మోగింది. రికార్డు లేబుల్ మీద మాత్రం ఆవిడ పేరు లేదు. గాయని పేరు దగ్గర సినిమాలో పాత్ర పేరు కామిని అని వేశారు.

మనదగ్గరా ఇలాంటివి ఉన్నాయి. మాయాబజార్ (1957) సంగీతం అంటే అందరం ఘంటసాల అంటాం. సినిమాలో వేసిన పేరూ అదే. కానీ అందులో నాలుగు పాటలకి బాణీలు కట్టింది సాలూరి రాజేశ్వరరావు. ఆయన మధ్యలో తప్పుకున్నాక ఘంటసాల ఆ బాణీలని తీసుకుని, వాద్యాలు సమకూర్చి, మిగతావి తనే చేశారు. ఇప్పుడు ట్యాగ్‌లో ఉన్న ఒక్క గడిలో ఎవరి పేరు రాయాలి? నేను ఇద్దరి పేర్లూ రాశాను.

పన్నెండు స్వరాల వేలిముద్ర

పేరు లేని 492 పాటలకి వద్దాం. ఇక్కడ వాడింది ఆడియో ఫింగర్‌ప్రింట్, అంటే పాట వేలిముద్ర. క్రోమాప్రింట్ అనే ప్రోగ్రామ్ పాటలో మొదటి 2 నిమిషాలు తీసుకుంటుంది. ప్రతి చిన్న ముక్కలో ఏ శ్రుతి ఎంత బలంగా ఉందో కొలుస్తుంది. మంద్రంలో ఉన్న స, తారలో ఉన్న స, రెంటినీ ఒక్కటిగానే లెక్కేస్తుంది. అలా మొత్తం శబ్దాన్ని 12 డబ్బాల్లోకి సర్దుతుంది.

12 డబ్బాలు. చిన్నప్పుడు మా వీధిలో సంగీతం టీచర్ దగ్గర ఆరు నెలలు సరళీస్వరాలు నేర్చుకుని మానేశాను. అప్పుడు ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పిన 12 స్వరస్థానాలు ఇవే. వాటిని మళ్ళీ సి ప్లస్ ప్లస్ కోడ్‌లో చూస్తానని అనుకోలేదు.

ఆ 12 డబ్బాలు కాలంతోపాటు ఎలా మారుతున్నాయో దాన్నిబట్టి ఒక పొడుగాటి సంకేతం తయారవుతుంది. దాన్ని ఎకౌస్టిడ్ అనే ఉచిత డేటాబేస్‌కి పంపితే, అలాంటి ముద్ర అక్కడ ఉంటే పాట వివరాలు వస్తాయి. మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫోల్డర్ పడేస్తే ఇదంతా తనే చేస్తుంది. ఎంపీ3 నాణ్యత తక్కువైనా పరవాలేదు, ముద్ర పెద్దగా మారదు.

305 పాటలు అలా తేలాయి. మిగిలినవి 187. ఈ పద్ధతి ఒక పాటని గుర్తుపట్టదు, ఒక రికార్డింగుని గుర్తుపడుతుంది. అదే పాటని వేరేవాళ్ళు పాడితే ముద్ర వేరు. ఎవరూ ఆ డేటాబేస్‌లోకి ఎక్కించని పాటైతే అసలు దొరకదు. మన పాత తెలుగు పాటల్లో అలాంటివి చాలా ఉన్నాయి. ఆ డేటాబేస్‌లు మనలాంటి వాళ్ళు ఎక్కిస్తేనే నిండుతాయి, ఎక్కించలేదు కాబట్టి ఖాళీగా ఉన్నాయి.

అల్గారిథమ్ వర్సెస్ నాయనమ్మ

187 పాటలు వినడం తప్ప వేరే దారి లేదు. సెలవులు ఇంకా 5 రోజులే ఉన్నాయి. నాన్న ఆఫీసు నుంచి రాగానే నేనూ ఆయనా డాబా మీద స్పీకర్ పెట్టుకుని కూర్చునేవాళ్ళం. గేటు దగ్గర నిలబడ్డ రోజు తర్వాత నాన్న నాతో మామూలుగా మాట్లాడింది అక్కడే. ఒక్కో పాట మొదలవగానే "ఇది నేను గుంటూరులో కొన్న సీడీది", "ఇది మీ అమ్మకి ఇష్టం" అంటూ చెప్పేవారు. అలా 146 పాటలకి పేర్లు పెట్టాం.

మూడో రోజు నాయనమ్మ పైకొచ్చి కుర్చీ వేసుకుంది. ఆవిడకి 79. ఘంటసాల పాటలని రాసుకున్న ఫోల్డర్‌లోంచి ఒకటి పెట్టాను. మూడు సెకన్లు కూడా కాలేదు.

"ఏమే, ఇది ఘంటసాల కాదే."

"ట్యాగ్‌లో ఘంటసాల అనే ఉంది నాయనమ్మా."

"ఉంటే ఉంది. గొంతు ఆయనది కాదు. ఎవరో తర్వాత పాడారు."

నిజమే. ఒకప్పుడు పాత పాటల్ని కొత్త గాయకులతో మళ్ళీ పాడించి కేసెట్లు వేసేవారు. పేరు మాత్రం పాతదే పెద్దక్షరాల్లో ఉండేది. నేను చిన్నప్పటి నుంచి ఘంటసాల అనుకుంటూ విన్న 11 పాటలు ఆయనవి కావని ఆ రోజు తేలింది. అసలువి వెతికి విన్నాను. తేడా ఎక్కడుందో మొదట నాకు తెలియలేదు. నాయనమ్మ చెప్పింది: "మాట ఎక్కడ విరుస్తాడో చూడు." అప్పుడు వినపడింది. ఘంటసాల విజయనగరం సంగీత కళాశాలలో పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్నారు. శాస్త్రీయం అంతా గొంతులో ఉన్నా మాట అర్థం చెడకుండా పాడతారు. జగదేకవీరుని కథ (1961)లో పెండ్యాల నాగేశ్వరరావు దర్బారీ కానడ రాగంలో కట్టిన పాట ఉంది కదా, రాయి కరిగే సన్నివేశంలోది. అది మన రీల్స్‌లో ముక్కగా మాత్రమే విన్నవాళ్ళు ఒకసారి మొత్తం వినండి.

వింటుంటే ఇంకో సందేహం వచ్చింది. మరీ పాత పాటల్లో చాలావాటి నిడివి 3 నిమిషాల పైచిలుకే ఎందుకు? దానికి కారణం లక్క. అప్పటి రికార్డులు గాజులకి వాడే లక్క లాంటి దాంతోనే చేసేవారు. 10 అంగుళాల పలక, నిమిషానికి 78 చుట్లు. ఆ వేగంలో ఒక వైపు పట్టేది సుమారు 3 నిమిషాలు. అంతకన్నా పెద్దదైతే రెండు వైపులా పంచాలి, లేదా కత్తిరించాలి. అందుకే సినిమాలో ఉన్న చరణం రికార్డులో ఉండకపోవచ్చు. మీ దగ్గరున్న పాత పాట సినిమాలో కన్నా చిన్నదిగా ఉంటే అది సగం డౌన్‌లోడ్ అయిందని తీసేయకండి.

తాతయ్య కేసెట్లు

చివరికి 41 మిగిలాయి. అన్నీ తాతయ్య కేసెట్లవే. సినిమా పాటలు కావు. ఏ డేటాబేస్‌లోనూ లేవు. నాన్నకి కూడా తెలియవు. అవి రేడియోలో వచ్చిన లలిత గీతాలు.

లలిత సంగీతం అనే మాట ఈ క్లబ్‌లో ఎంతమంది విన్నారో నాకు తెలియదు, నేనైతే వినలేదు. సినిమాకి సంబంధం లేకుండా ఒక కవి రాసిన గీతానికి రాగం ఆధారంగా బాణీ కట్టి, నాలుగైదు వాద్యాలతో పాడేది. కచేరీలాగా రాగాలాపనలు, స్వరకల్పనలు ఉండవు. మాట ముందు, సంగీతం దాని పక్కన. రేడియో పెంచిన పాట ఇది. మద్రాసు కేంద్రం 1938లో మొదలైంది, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న. బాలాంత్రపు రజనీకాంతరావు, పాలగుమ్మి విశ్వనాథం, మహాభాష్యం చిత్తరంజన్ లాంటివాళ్ళు జీవితాలు దీనికే పెట్టారు. ఆకాశవాణి పాట నేర్పించేది కూడా. వినేవాళ్ళు కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుని రాసుకునేవాళ్ళట. మా నాయనమ్మ దగ్గర ఆ నోటుబుక్ ఇప్పటికీ ఉంది, అట్ట ఊడిపోయి.

రజనీకాంతరావు గారి గురించి ఒక్క విషయం. 1947 ఆగస్టు 15న మద్రాసు కేంద్రం నుంచి ఆయన రాసి బాణీ కట్టిన స్వాతంత్ర్య గీతాన్ని టంగుటూరి సూర్యకుమారి పాడారు. ఆవిడ ప్రకాశం పంతులు గారి తమ్ముడి కూతురు. శంకరంబాడి సుందరాచారి రాసిన తెలుగు తల్లి గీతాన్ని రికార్డు ద్వారా ఇంటింటికీ తీసుకెళ్ళింది కూడా ఆవిడ గొంతే. ఆ గీతం నేను బడిలో పదేళ్ళు అసెంబ్లీలో పాడాను. ఇంగ్లీష్ అక్షరాల్లో రాసుకుని పాడాను. రాసిందెవరో, మొదట వినిపించిందెవరో పదేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

సరే, ఈ 41 పాటల్లో కొన్ని కాస్త పీలగా, తొందరగా వినపడుతున్నాయి. కేసెట్ వేగం సెకనుకి 4.76 సెంటీమీటర్లు ఉండాలి. మోటారు పాతబడితే అది మారిపోతుంది. వేగం 6 శాతం పెరిగితే శ్రుతి సుమారుగా ఒక స్వరస్థానం పైకి జరుగుతుంది. అసలు వేగం ఎంతో ఎలా తెలుసుకోవాలి? దీనికో చిట్కా దొరికింది. కరెంటు మీద నడిచే టేప్ రికార్డర్‌లో పాట వెనక సన్నగా గుంయ్‌మనే హోరు కూడా రికార్డవుతుంది. మన కరెంటు 50 హెర్ట్‌జ్. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో పాట స్పెక్ట్రమ్ చూస్తే 50 దగ్గర ఉండాల్సిన గీత 52.5 దగ్గర ఉంది. అంటే 5 శాతం వేగం ఎక్కువ. ఆ రోజుల్లో కరెంటు కచ్చితంగా 50 మీదే నిలబడేది కాదు కాబట్టి ఇది అంచనాయే. తగ్గించి నాయనమ్మకి వినిపించాను. "ఇప్పుడు సరిగ్గా ఉంది" అంది. నాకు ఆ సర్టిఫికెట్ చాలు.

ఒక్కో పాట వింటూ, నోటుబుక్ తిప్పుతూ, కొన్నిటికి తనే ముందు చరణం అందుకుంటూ, 33 పాటలకి పేర్లు చెప్పింది. రాసింది ఎవరు, ఏ రాగం, కొన్నిటికి పాడిందెవరు. దేవులపల్లి కృష్ణశాస్త్రి పేరు నాకు మల్లీశ్వరి (1951) వల్లే తెలుసు. ఆయన సినిమాకి మొదట రాసింది దానికేనని, రేడియోకి రాసింది వేరే పెద్ద లోకమని అప్పుడు తెలిసింది. ఒక్కోచోట నాయనమ్మ ఆగి కళ్ళు మూసుకునేది. "నోట్లోనే ఉంది, రావట్లేదే" అనేది. నేను ఒత్తిడి చేయలేదు. కానీ లోపల భయం వేసింది. ఈ 33 పేర్లకి బ్యాకప్ లేదు. ఉన్నది ఆవిడ ఒక్కదాని దగ్గరే. నేను ఇదే పని రెండేళ్ళు ఆగి మొదలుపెడితే?

మీ ఇంట్లో కూడా

మీ ఇంట్లో పాత పాటలుంటే ఇవి చేయండి.

డిస్క్ చెడిపోయేదాకా ఆగకండి. రెండు కాపీలు రెండు వేర్వేరు డిస్క్‌ల మీద, ఇంకోటి ఇంకో ఊళ్ళో లేదా క్లౌడ్‌లో పెట్టండి. ఏ కాపీనీ ల్యాప్‌టాప్‌కి తగిలించి ఇన్‌స్టాలర్ నడపకండి.

కేసెట్లు ఉంటే పారేయకండి. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఎంపీ3 కాకుండా ఫ్లాక్‌లో పెట్టండి. ఎంపీ3 చెవికి అంతగా వినపడవనుకున్నవాటిని వదిలేస్తుంది, వదిలేసింది మళ్ళీ రాదు. 128 కేబీపీఎస్ ఫైల్‌ని 320కి మార్చితే సైజు పెరుగుతుంది, పాట పెరగదు.

పోయిన పాటల్ని మళ్ళీ తెచ్చుకునేటప్పుడు దారి చూసుకోండి. మన చట్టం ప్రకారం ఒక రికార్డింగు మీద హక్కు, విడుదలైన ఏడాది ముగిశాక 60 ఏళ్ళు ఉంటుంది. రచన మీద, బాణీ మీద హక్కు వేరే, అది వాళ్ళ మరణం తర్వాత 60 ఏళ్ళు. కాబట్టి పాత రికార్డింగు అంతా ఉచితం అనుకోకండి. నేను పోయిన సినిమా పాటలు చాలావరకు స్ట్రీమింగ్‌లో వింటున్నాను, కొన్ని కొన్నాను. రేడియో పాటలకి ప్రసార భారతి ఆర్కైవ్స్ యూట్యూబ్ ఛానల్ మంచి చోటు.

అన్నిటికన్నా ముఖ్యం, గడులు నింపండి. గాయకులు ఒక్కరే కాదు, రచయిత, స్వరకర్త, ఏడాది. తెలుగు అక్షరాల్లో. తెలిసినవాళ్ళు ఇంట్లో ఉండగానే అడగండి. తెలియకపోతే ఊహించి రాయకండి, ఖాళీగా వదిలేయండి. తప్పు పేరు ఒకసారి ఎక్కితే దిగదు. ఆ 11 పాటలే సాక్ష్యం.

ఎనిమిది

ఇంకా 8 పాటలకి పేరు లేదు. హాస్టల్‌కి వచ్చేసే ముందు రోజు రాత్రి వాటిలో ఒకదాన్ని చివరిదాకా విన్నాను. సాధారణంగా పాట అయిపోగానే ఆపేసేవాళ్ళం. ఆ రోజు ఏదో రాసుకుంటూ ఆపడం మర్చిపోయాను. పాట అయింది, హోరు వచ్చింది, టక్‌మని బటన్ చప్పుడు. తర్వాత ఒక మగ గొంతు, మైక్‌కి మరీ దగ్గరగా, నెమ్మదిగా.

"1986 మార్చి 14. విజయవాడ కేంద్రం. పాడినవారి పేరు అందలేదు."

తాతయ్య నేను పుట్టకముందే పోయారు. ఆయన గొంతు నేనెప్పుడూ వినలేదు. నాన్నని లేపాలా వద్దా అని కాసేపు ఆలోచించి లేపాను. ఆయన మంచం మీద కూర్చుని మూడుసార్లు పెట్టించుకున్నారు. తర్వాత, "మిగతావాటి చివర కూడా చూశావా?" అన్నారు.

తెల్లవారేదాకా చూశాం. ఇంకో రెండిటి చివర ఉంది.

ఆ పాట ట్యాగ్‌లో గాయని గడి ఖాళీగానే ఉంచాను. తేదీ గడిలో 1986 మార్చి 14 అని రాశాను. కామెంట్ గడిలో తాతయ్య అన్న మాటే రాశాను: పేరు అందలేదు. మీలో ఎవరి ఇంట్లోనైనా ఆ రోజుల్లో విజయవాడ రేడియో విన్న పెద్దవాళ్ళుంటే క్లబ్ గదిలో నన్ను కలవండి. 8 పాటలూ నా ఫోన్‌లో ఉన్నాయి, వినిపిస్తాను.